ఫాంట్ ఇన్‌స్టాల్ అయింది, వర్డ్‌లో తెలుగు అక్షరం మాత్రం మారట్లేదు. బడి పత్రిక ఆగింది, సాయం చేయండి

పరకాల_పంతులు
ఆగస్టు 15 లోపు మా బడి పత్రిక తేవాలి. పిల్లలు చాలా బాగా రాశారు. రామప్ప గుడి గురించి, మేడారం జాతరకు ఎడ్లబండి మీద పోయిన తాతల గురించి, పాకాల చెరువు గురించి. అన్నీ యూనికోడ్‌లో (ఫోన్లో, నెట్‌లో ఎక్కడైనా చదవగలిగే పద్ధతిలో) టైప్ చేసి పెట్టాను. హెడ్డింగులకు రామభద్ర, లోపలి మ్యాటర్‌కు మండలి అనుకొని గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకున్నాను. నోటో సెరిఫ్ తెలుగు కూడా తీసుకున్నాను.

ఇంట్లో విండోస్ 11, వర్డ్. లిస్టులో రామభద్ర పేరు కనిపిస్తుంది. తెలుగు లైను సెలెక్ట్ చేసి దాన్ని నొక్కితే మధ్యలో ఉన్న ఇంగ్లీష్ మాటలు మారుతున్నాయి, తెలుగు మాత్రం పాత రూపంలోనే ఉంటుంది. బడి కంప్యూటర్‌లో నా లాగిన్‌లో ఫాంట్లు వేశాను, హెడ్మాష్టారు గారి లాగిన్‌లో చూస్తే లిస్టులోనే లేవు. హన్మకొండలో ఒక ప్రింటింగ్ షాపుకు ఫైల్ ఇస్తే వాళ్ల దగ్గర అంతా వేరే ఫాంట్‌లో తెరుచుకుంది, పేజీలు కిందామీదా అయ్యాయి. "అనూలో మళ్లీ టైప్ చేయించండి" అన్నారు. అనూ అంటే ప్రింటింగ్ షాపుల్లో వాడే, యూనికోడ్ కాని తెలుగు టైపింగ్ పద్ధతి. పిల్లల రాతలు మళ్లీ టైప్ చేయిస్తే ఎన్ని తప్పులు దొర్లుతాయో అని టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_జంక్షన్
జిప్ ఫైల్ విప్పకుండా లోపలే డబుల్ క్లిక్ చేశారా? ఫాంట్ వేశాక వర్డ్ మూసి తెరిచారా? చాలావరకు అక్కడే తేలిపోతుంది.

పరకాల_పంతులు
విప్పాకే వేశాను. కంప్యూటర్ కూడా రీస్టార్ట్ చేశాను. పేరు కనిపిస్తుంది సార్, అక్షరమే మారట్లేదు.

మడికొండ_గుట్ట
ఆఫీస్ మొత్తం తీసేసి మళ్లీ వేయండి సార్. మా తమ్మునికి అట్లనే సెట్ అయింది.

భద్రకాళి_గట్టు
ఆఫీస్ తీసేయొద్దు సార్. అది చేసినా ఇక్కడ ఏమీ మారదు, మీ పొద్దంతా పోతుంది.

మీరు చెప్పినవి ఒక సమస్య కాదు, మూడు. ఒకటి, లిస్టులో పేరే లేకపోవడం. రెండు, పేరు ఉన్నా తెలుగుకు అంటకపోవడం. మూడు, వేరేవాళ్ల దగ్గర రూపు మారిపోవడం. మూడింటికీ కారణాలు వేరు.

మొదటిది, బడి కంప్యూటర్ సంగతి. ఇంతకుముందు విండోస్‌లో ఫాంట్ వేస్తే నేరుగా సి డ్రైవ్‌లో విండోస్ కింద ఫాంట్స్ ఫోల్డర్‌లోకి పోయేది, ఎవరి లాగిన్‌లోనైనా కనిపించేది. విండోస్ 10లో 2018లో వచ్చిన 1809 వర్షన్ నుంచి పద్ధతి మారింది. మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే ఫాంట్ ఆ లాగిన్‌కు చెందిన యాప్‌డేటా ఫోల్డర్‌లో పడుతుంది. అంటే మీ లాగిన్‌కే ఉంటుంది, హెడ్మాష్టారు గారికి ఉండదు. సెట్టింగ్స్‌లో ఫాంట్స్ పేజీ తెరిచి ఫైలు లాక్కొచ్చి వేసినా అంతే.

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" ఎంచుకోండి. విండోస్ 11లో అది పైకి కనిపించకపోతే "షో మోర్ ఆప్షన్స్" నొక్కితే వస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని పాత ప్రోగ్రాములు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో మాత్రమే వెతుకుతాయి, వాటికీ దొరుకుతుంది.

సర్వపిండి
అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసిన సార్ బదిలీ మీద పోయి ఉంటాడు, చూడండి 😄

పరకాల_పంతులు
@సర్వపిండి ఆయన ఇప్పుడు భూపాలపల్లిలో ఉన్నారు, ఫోన్ చేస్తాను. @భద్రకాళి_గట్టు చాలా స్పష్టంగా చెప్పారు. ఇంట్లో లాప్‌టాప్ సంగతి?

కేయూ_రీసెర్చ్
రెండోది నేను చెప్తాను సార్. నా థీసిస్ అంతా తెలుగులోనే, దీంతో మస్తు పరేషాన్ అయ్యాను.

వర్డ్ ఒకే లైనుకు రెండు ఫాంట్లు గుర్తు పెట్టుకుంటుంది. ఇంగ్లీష్ అక్షరాలకు ఒకటి, "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్"కు ఒకటి. తెలుగు, హిందీ, ఉర్దూ అన్నీ ఈ రెండో ఖాతాలో వస్తాయి. మీరు పైన లిస్టులో రామభద్ర నొక్కితే అది ఇంగ్లీష్ ఖాతాలో పడింది. తెలుగు ఖాతాలో ఇంకా విండోస్ సొంత ఫాంట్లయిన గౌతమి గానీ నిర్మలా యూఐ గానీ కూర్చొని ఉంది. అందుకే ఇంగ్లీష్ మాటలు మాత్రమే మారాయి. మీరు ఆ ముక్క రాయడం మంచిదైంది, చదవగానే అర్థమైంది.

లైను సెలెక్ట్ చేసి కంట్రోల్ డి నొక్కండి. ఫాంట్ బాక్స్‌లో కింద "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్" అని వేరే గడి ఉంటుంది. అక్కడ రామభద్ర పెట్టండి. సైజు, బోల్డ్ కూడా అక్కడ విడిగా ఉంటాయి. పైన 18 పెట్టి కింద 11 వదిలేస్తే తెలుగు 11లోనే ఉంటుంది.

ఒక్కో లైనుకు ఇట్లా చేస్తూ కూర్చోవద్దు. స్టైల్స్‌లో "హెడింగ్ 1", "నార్మల్" రెండింటినీ మాడిఫై చేసి అక్కడే కాంప్లెక్స్ ఫాంట్ మార్చేయండి. పత్రిక మొత్తం ఒకేసారి మారుతుంది.

పరకాల_పంతులు
మేడం, నాకు ఆ గడి కనిపించడం లేదు. పైన ఒక్క ఫాంట్ గడే ఉంది.

కేయూ_రీసెర్చ్
అయితే మీ వర్డ్‌లో తెలుగును రాసే భాషగా చేర్చలేదు. ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి పోయి రాసే భాషల లిస్టులో తెలుగు చేర్చండి. వర్డ్ మూసి తెరవండి. గడి వస్తుంది.

పరకాల_పంతులు
వచ్చింది! రామభద్ర వచ్చింది. "మా ఊరి బతుకమ్మ" అని హెడ్డింగ్ కనిపిస్తుంటే ప్రాణం లేచొచ్చింది. రాసిన అమ్మాయికి ఫోటో తీసి పంపాను.

కాజీపేట_జంక్షన్
👏👏 మేడం, ఇది నాకూ తెలియదు. ఇన్నాళ్లూ ఫాంటే ఖరాబ్ అనుకునేవాణ్ణి.

ఉబుంటు_ఓరుగల్లు
వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కూడా ఇదే లెక్క. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" దగ్గర టిక్ పెట్టాలి. అప్పుడు క్యారెక్టర్ బాక్స్‌లో వెస్టర్న్ ఫాంట్, సీటీఎల్ ఫాంట్ అని రెండు కనిపిస్తాయి. తెలుగుకు సీటీఎల్ మార్చాలి.

ఇంకో మంచి గుర్తు ఉంది అందులో. ఫైల్‌లో వాడిన ఫాంట్ ఆ కంప్యూటర్‌లో లేకపోతే పైన ఫాంట్ పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తుంది. పేరు ఉంది కదా అని నమ్మొద్దు, వాలిందంటే అది అక్కడ లేనట్టే.

లైనక్స్ మీద ఫాంట్ వేయాలంటే హోమ్ ఫోల్డర్‌లో దాచి ఉండే లోకల్, షేర్, ఫాంట్స్ ఫోల్డర్‌లో కాపీ చేసి, టెర్మినల్‌లో ఎఫ్‌సీ-క్యాష్ కమాండ్ కొట్టాలి. తర్వాత ఎఫ్‌సీ-లిస్ట్ కొడితే పేరు వచ్చిందో లేదో తెలుస్తుంది. అందులో వచ్చాక లిబ్రే ఆఫీస్ మూసి తెరవండి. ల్యాబ్‌లో అందరు పిల్లలకూ కావాలంటే సిస్టమ్ ఫాంట్స్ ఫోల్డర్‌లో వేయాలి, దానికి అడ్మిన్ హక్కు కావాలి.

మడికొండ_గుట్ట
వర్డ్‌లో అట్లా వాలదు కదా అన్నా? ఎట్లా తెలుస్తుంది?

ఉబుంటు_ఓరుగల్లు
@మడికొండ_గుట్ట వర్డ్‌లో ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో కిందికి పోతే "ఫాంట్ సబ్‌స్టిట్యూషన్" అని బటన్ ఉంది తమ్మీ. ఏ ఫాంట్ లేదు, దాని జాగాలో ఏది వాడుతున్నది రెండూ చూపిస్తుంది.

జమ్మికుంట_పత్తి
నాది కొంచెం వేరే కేసు, పనికొస్తుందని రాస్తున్నా. మా నాన్న 90లలో ప్రెస్ నడిపిండు. అప్పటి సీడీల్లో మంచి మంచి అలంకారపు అక్షరాలున్నాయి. కొత్త లాప్‌టాప్‌లో వేస్తే వర్డ్‌లో ఒక్కటీ కనిపించలేదు. ఫైళ్ల చివర చూస్తే పీఎఫ్‌బీ, పీఎఫ్ఎం అని ఉన్నాయి.

భద్రకాళి_గట్టు
@జమ్మికుంట_పత్తి అవి టైప్ 1 అనే పాత రకం ఫాంట్లు. ఆఫీస్ 2013 నుంచి వాటిని తీసుకోదు. లిబ్రే ఆఫీస్ 5.3తో వదిలేసింది. అడోబీ కూడా 2023 జనవరితో ఆపేసింది. ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా లిస్టులోకి రావు. సీడీలు మాత్రం పారేయకండి. ఆ అక్షరాలు గీసినవాళ్ల చేతిపని అది, ఎప్పుడో ఎవరో వాటిని కొత్త రూపంలోకి తెస్తారు. కాపీ తీసి పెట్టండి.

ఇదే దారిలో ఇంకోటి. వెబ్‌సైట్ల కోసం చేసిన వాఫ్ ఫైళ్లు కొందరు దించుకుంటారు. విండోస్ వాటినీ ఇన్‌స్టాల్ చేయదు. ఫైలు పేరు చివర టీటీఎఫ్ గానీ ఓటీఎఫ్ గానీ ఉండాలి.

మానేరు_ఒడ్డు
నోటో సెరిఫ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గూగుల్ ఫాంట్స్ జిప్ విప్పితే బయట ఒక పెద్ద ఫైల్ ఉంటుంది, పేరులో "వేరియబుల్ ఫాంట్" అని ఉంటుంది. లోపల "స్టాటిక్" అని ఫోల్డర్ ఉంటుంది. వేరియబుల్ అంటే సన్నం, లావు రూపాలన్నీ ఒకే ఫైల్‌లో ఉండేది. వర్డ్‌కు వేరియబుల్ ఫాంట్లతో సరిగా పొసగదు, ఆ సన్నం, లావు తిక్కతిక్కగా వస్తాయి. బయటది తీసేసి స్టాటిక్‌లోని రెగ్యులర్, బోల్డ్ వేసుకోండి. సెమీబోల్డ్, బ్లాక్ వేస్తే అవి లిస్టులో వేరే పేర్లతో విడిగా కనిపిస్తాయి, కంగారు పడొద్దు. అనేక్ తెలుగు అనే ఫాంట్‌కు కూడా ఇంతే.

మండలి, రామభద్రలకు ఈ బాధ లేదు, ఒక్కొక్క ఫైలే. కానీ మండలికి బోల్డ్ ఫైల్ లేదు. మీరు బి నొక్కితే వర్డే అక్షరాన్ని లావు చేసి చూపిస్తుంది, ప్రింట్‌లో వత్తులు ఒకదానికొకటి అంటుకుంటాయి. బోల్డ్ కావాల్సిన చోట రామభద్ర వాడండి.

పరకాల_పంతులు
@మానేరు_ఒడ్డు అన్నా, నేను వేసింది బయటి ఫైలే. ఇప్పుడే మార్చాను, బోల్డ్ సరిగా వస్తుంది. ఇక మిగిలింది ప్రింటింగ్ షాపు.

డీటీపీ_చౌరస్తా
నేను షాపు నడిపేవాణ్ణే, నా మాట కూడా వినండి. అనూలో కొట్టించండి అన్నాడని ఆ షాపాయన మీద కోపం పెట్టుకోకండి. మాలో చాలామంది ఇప్పటికీ పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 మీదే పనిచేస్తారు. అది 2001లో వచ్చింది, యూనికోడ్ దానికి తెలియదు. మీరు మండలి ఫాంట్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా కంప్యూటర్‌లో వేసినా, లిస్టులో పేరు కనిపించినా, తెలుగు రాదు. పెళ్లి పత్రిక, పోస్టర్, కరపత్రం అన్నీ అనూ మీదే నడుస్తున్నాయి. చేతికి అలవాటైన కీబోర్డు, స్పీడు, వందల డిజైన్లు అందులో ఉన్నాయి. కస్టమర్ రేపటికల్లా కావాలంటాడు. కొత్తది నేర్చుకునే తీరిక ఎవరికి ఉంది?

మానేరు_ఒడ్డు
@డీటీపీ_చౌరస్తా మీ కష్టం అర్థమైంది అన్నా. కానీ పిల్లల పత్రికను మళ్లీ అనూలో కొట్టించడం మాత్రం తప్పు. అనూలో "అ" అని కనిపించేది లోపల ఏదో ఒక ఇంగ్లీష్ గుర్తు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థంకాని గీతలే. ఐదేళ్ల తర్వాత ఆ పిల్లలు తమ వ్యాసం వెతుక్కుంటే దొరకదు, ఫోన్లో చదవలేరు, ఎవరికీ పంపలేరు. తెలుగు 1991లోనే యూనికోడ్ మొదటి వర్షన్‌లోకి వచ్చింది. 128 స్థానాలు మనకు కేటాయించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా వెనక్కి పోదామా?

డీటీపీ_చౌరస్తా
వెనక్కి పోదామని నేను అనలేదు తమ్మీ. ఉన్న మాట చెప్పిన.

కేయూ_రీసెర్చ్
ఇద్దరూ చెప్పింది నిజమే. పేజ్‌మేకర్‌లో పేరు వచ్చినా తెలుగు ఎందుకు రాదో ఒక ముక్క చెప్తాను. "స్త్రీ" అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి ఒక అక్షరంగా ఎట్లా కూర్చాలో ఫాంట్ లోపల పట్టికలుంటాయి. ఆ పట్టికలు చదివే శక్తి సాఫ్ట్‌వేర్‌కు ఉండాలి. వర్డ్‌కు, లిబ్రే ఆఫీస్‌కు ఉంది. పేజీలు అమర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో కూడా ఉంది, కానీ "వరల్డ్ రెడీ కంపోజర్" ఎంచుకోవాలి. లేకపోతే అక్కడా వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి.

డీటీపీ_చౌరస్తా
@కేయూ_రీసెర్చ్ మేడం, ఇన్‌డిజైన్ నా దగ్గర ఉంది! తెలుగు అతికిస్తే వత్తులు విడిపోతున్నాయనే పక్కన పెట్టిన. ఆ కంపోజర్ ఎక్కడుంటది?

కేయూ_రీసెర్చ్
టెక్స్ట్ సెలెక్ట్ చేసి పారాగ్రాఫ్ ప్యానెల్ మూలన ఉన్న మెనూ తెరవండి అన్నా. "అడోబీ వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్" అని ఉంటుంది. పారాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద కూడా పెట్టుకోవచ్చు, అప్పుడు ప్రతిసారీ వెతకనక్కర్లేదు.

బమ్మెర_పొలం
ఫాంట్ల మాట వచ్చింది కాబట్టి మా ఊరి ముచ్చట ఒకటి చెప్పనివ్వండి. పోతన 2000 అని యూనికోడ్ ఫాంట్ ఉంది, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేశారు. వేమన 2000 కూడా ఆయనదే. తెలుగు యూనికోడ్ ఫాంట్లు దొరకని రోజుల్లో ఎంతోమంది వాటితోనే నెట్‌లో తెలుగు చదివారు. భాగవతం రాసిన పోతన మా పాలకుర్తి మండలం బమ్మెర వాడని మేము చెప్పుకుంటాం. ఆయన పేరు మీద ఉన్న అక్షరాలు కంప్యూటర్‌లో చూస్తే మాకు గర్వంగా ఉంటుంది. పంతులు గారూ, పద్యాలుంటే ఒక్క పేజీకైనా అది వాడి చూడండి.

సర్వపిండి
వరంగల్ బడి పత్రికలో పోతన లేకపోతే ఎట్లా, పెట్టాల్సిందే సార్ 🙏

పరకాల_పంతులు
ఎనిమిదో తరగతి పిల్లలు గజేంద్ర మోక్షం పద్యాలకు తమ మాటల్లో భావం రాశారు. ఆ పేజీకి తప్పకుండా పెడతాను.

కాజీపేట_జంక్షన్
జర మళ్లీ షాపు సంగతికి వద్దాం. షాపులో ఫాంట్ ఉన్నా లేకపోయినా ఫైల్ ఒకేలా తెరుచుకునేలా చేయలేమా?

భద్రకాళి_గట్టు
చేయొచ్చు. రెండు దారులున్నాయి.

ఒకటి, ఫాంట్‌ను వర్డ్ ఫైల్ లోపలే పెట్టడం. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" టిక్ పెట్టండి. కొన్ని ఫాంట్లు తమను ఎంబెడ్ చేయొద్దని లోపలే రాసుకొని ఉంటాయి, అవి పోవు. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర, నోటో ఓపెన్ లైసెన్స్ మీద వచ్చాయి, ఇబ్బంది లేదు. లిబ్రే ఆఫీస్‌లో అయితే ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌లో ఉంటుంది. ఇది అవతలివాళ్లు దిద్దుబాట్లు చేయాలంటే పనికొస్తుంది. కానీ అవతల వర్షన్ వేరైతే పేజీలు కొంచెం జరిగే ప్రమాదం ఉంది.

రెండు, పీడీఎఫ్. ప్రింటింగ్‌కు ఇదే మేలు. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకొని, ఆప్షన్స్‌లో పీడీఎఫ్/ఏ టిక్ పెట్టండి. ఆ పద్ధతిలో అన్ని ఫాంట్లూ లోపల ఉండి తీరాలని నియమం. తర్వాత అక్రోబాట్ రీడర్‌లో తెరిచి ప్రాపర్టీస్, ఫాంట్స్ చూడండి. ప్రతి పేరు పక్కనా "ఎంబెడెడ్ సబ్‌సెట్" అని ఉంటే షాపులో ఆ ఫాంట్ లేకపోయినా మీ అక్షరం మీ అక్షరంలాగే పడుతుంది.

మడికొండ_గుట్ట
గూగుల్ డాక్స్‌లో పెట్టి లింక్ ఇస్తే అయిపోదా?

ఉబుంటు_ఓరుగల్లు
@మడికొండ_గుట్ట డాక్స్‌లో మన కంప్యూటర్‌లో వేసుకున్న ఫాంట్లు రావు తమ్మీ. అక్కడ "మోర్ ఫాంట్స్" నొక్కి స్క్రిప్ట్ దగ్గర తెలుగు ఎంచుకుంటే వచ్చేవే వాడాలి. ఈ పత్రికకు వద్దు, పేజీ అమరిక మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

డీటీపీ_చౌరస్తా
పీడీఎఫ్ తెస్తే నేను వేసిస్తా సార్. మాకు దానితో ఏ లొల్లీ లేదు. రెండు మాటలు. పేజీ సైజు మీరు మొదలే నిర్ణయించి ఆ సైజులోనే పీడీఎఫ్ చేయండి. ఏ4లో చేసి తెచ్చి చిన్న బుక్కుగా వేయమంటే అక్షరం చీమలంత అవుతుంది. ఫోటోలు పెట్టే ముందే వర్డ్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "డు నాట్ కంప్రెస్ ఇమేజెస్" టిక్ పెట్టండి. లేకపోతే వర్డ్ వాటిని తగ్గించేస్తుంది, పిల్లల మొఖాలు మసకగా పడతాయి.

జమ్మికుంట_పత్తి
ఇంకోటి. లైన్ స్పేసింగ్‌లో "ఎగ్జాక్ట్లీ" పెట్టకండి. క్ష్మి, ర్ధ్వ లాంటివి ఉన్న చోట కింది వత్తు తెగిపోతుంది. "మల్టిపుల్" పెట్టి అంకె తగ్గించుకోండి.

పరకాల_పంతులు
అందరూ చెప్పినవి చేశాను. భూపాలపల్లి సార్ పాస్‌వర్డ్ చెప్పారు, బడి కంప్యూటర్‌లో అందరి లాగిన్‌లోనూ ఫాంట్లు వచ్చాయి. హెడ్మాష్టారు గారు ముందుమాట తనే రామభద్రలో పెట్టుకున్నారు, మొత్తం మూడు పేజీలూ. మండలికి మార్చమని చెప్పడానికి ధైర్యం చాలట్లేదు.

సర్వపిండి
ముందుమాట వినిపించేంత గట్టిగా రాశారన్నమాట 😂

పరకాల_పంతులు
😄 @డీటీపీ_చౌరస్తా సార్, మీ మెసేజ్ బాక్స్‌లో పీడీఎఫ్ పెట్టాను. చూసి చెప్పండి.

డీటీపీ_చౌరస్తా
వచ్చింది, తెరిచిన. రామభద్ర, మండలి, నోటో, పోతన నాలుగూ ఎంబెడ్ అయ్యాయి. వత్తులు అన్నీ సరిగా ఉన్నాయి. గజేంద్ర మోక్షం పేజీ చాలా అందంగా వచ్చింది. పేజీ నంబర్లు మాత్రం ఇంకా కాలిబ్రీలో ఉన్నాయి సార్. అంకెలు ఇంగ్లీష్ ఖాతాలోకి వస్తాయి కదా, ఫుటర్‌లో పై గడి కూడా మండలికి మార్చి మళ్లీ పంపండి. ముందుమాట ఎట్లున్నా వేస్తా, అది మీరూ మీ హెడ్మాష్టారు గారూ చూసుకోండి.